మైకు చర్చికి వెళ్లింది

ఆ చర్చి ఒకప్పుడు సినిమా హాలు. పేరు న్యూ టెంపుల్ మిషనరీ బాప్టిస్టు చర్చి. లాస్ ఏంజలెస్‌లో నల్లవాళ్లు ఎక్కువగా ఉండే వాట్స్ ప్రాంతం అది. 1965 ఆగస్టులో పోలీసుల మీద ఆగ్రహం అల్లర్లుగా మారి 34 మంది చనిపోయింది అక్కడే. 1972 జనవరి 13, గురువారం రాత్రి ఆ హాల్లోకి మైకులు, కేబుళ్లు, సినిమా కెమెరాలు వచ్చాయి. వెండిరంగు చేతుల్లేని కోట్లు తొడుక్కున్న సదరన్ కాలిఫోర్నియా కమ్యూనిటీ క్వయర్ అనే గాయక బృందం నడవలోంచి వరసగా నడిచొచ్చి వేదిక వెనక కూర్చుంది. ఆ తర్వాత అరేతా ఫ్రాంక్లిన్ వచ్చింది.

అప్పటికి ఆమెకు 29 ఏళ్లు. ‘రెస్పెక్ట్’ పాట అమెరికా అంతా మోగి ఐదేళ్లవుతోంది. అడగాలే గాని ఏ ఊళ్లో ఏ స్టూడియో అయినా ఆమె కోసం తలుపులు తీసేది. కానీ ఈసారి పాడబోయేవి భక్తి పాటలు. వాటిని నాలుగు గోడల మధ్య చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని పాడటం ఆమెకు ఇష్టం లేదు. చర్చి కావాలంది, ఎదురుగా సంఘం కూర్చోవాలంది. అలా రెండు రాత్రులు పాడిన పాటలే ‘అమేజింగ్ గ్రేస్’ జంట ఎల్పీగా 1972 జూన్‌లో వచ్చాయి. ఇరవై లక్షలకు పైగా కాపీలు అమ్ముడుపోయాయి. ఆమె జీవితంలో మరే ఆల్బమూ అంతగా అమ్ముడుపోలేదు.

ఈ పద్ధతి అరేతా కొత్తగా పెట్టింది కాదు. మైకుని చర్చికి మోసుకెళ్లే ఆనవాయితీ నల్లవారి సంఘాల్లో అప్పటికే పాతుకుపోయింది. అది ఎలా మొదలైందో తెలిస్తే, ఆ రికార్డులో వినిపించే కేకలు, చప్పట్లు, ‘ఆమేన్’లు పాటలో సగభాగమని అర్థమవుతుంది. ఆ మాటకొస్తే, ఈ తరహా రికార్డుల్ని అంతమంది అంత ప్రేమగా దాచుకోవడానికి కారణం కూడా ఆ సగమే.

మొదట్లో చర్చే స్టూడియోకి వెళ్లేది. అట్లాంటా నగరంలో జె.ఎం. గేట్స్ అనే బాప్టిస్టు పాస్టరు ఉండేవాడు. 1926లో కొలంబియా కంపెనీ ఆయన ప్రసంగాల్ని రికార్డు చేసింది. ఆ రోజుల్లో గ్రామఫోన్ ప్లేటుకి ఒక పక్క పట్టేది మూడు నిమిషాలు. ఆదివారం గంటసేపు సాగే వాక్యాన్ని ఆయన మూడు నిమిషాలకు కుదించాడు. అయితే ఒక్కడే నిలబడి చెబితే అది ప్రసంగంలా ఉండదని ఆయనకు తెలుసు. అందుకని తన సంఘంలోని కొద్దిమంది స్త్రీలను వెంట తీసుకెళ్లాడు. ఆయన ఒక మాట అంటే వాళ్లు బదులు పలకాలి, మధ్యలో పాట ఎత్తుకోవాలి. ‘డెత్స్ బ్లాక్ ట్రెయిన్ ఈజ్ కమింగ్’ వంటి ఆ ప్లేట్లు దక్షిణాదిలోనూ, పని కోసం ఉత్తరాది నగరాలకు వలసపోయిన వాళ్ల ఇళ్లలోనూ విపరీతంగా అమ్ముడుపోయాయి. ఊరు వదిలి వచ్చిన మనిషికి మూడు నిమిషాల పాటు సొంత సంఘం మధ్య కూర్చున్నట్టుండేది. గేట్స్ ఇలాంటివి రెండు వందలకు పైగా చేశాడు.

ఈ బదులు పలకడం ఎక్కడి నుంచి వచ్చింది? బానిసత్వపు రోజుల నుంచి. దక్షిణాది రాష్ట్రాలు చాలావాటిలో బానిసలకు చదువు చెప్పడమే నేరం. పాటల పుస్తకాలు లేవు, ఉన్నా చదవగలిగేవాళ్లు తక్కువ. ముందు నాయకుడు ఒక పాదం గబగబా చెప్పేవాడు. సంఘమంతా దాన్ని అందుకుని, ఒక్కో అక్షరాన్ని సాగదీసి, ఎవరి గమకం వాళ్లు వేస్తూ పాడేది. ఇంగ్లండుకు చెందిన ఐజక్ వాట్స్ రాసిన కీర్తనల్ని ఎక్కువగా ఇలా పాడేవారు కాబట్టి ఈ పద్ధతికే ‘డాక్టర్ వాట్స్’ అని పేరొచ్చింది. తెలుగు పల్లెల్లో చదువురాని పెద్దవాళ్ల కోసం చరణం ముందు చెప్పి తర్వాత పాడించడం చూసినవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. పాట పుస్తకంలో ఉండదు, మనుషుల మధ్య ఉంటుంది. ఒకరు సగం ఇస్తారు, మిగతా సగం పదిమందీ కలిసి ఇస్తారు.

గాస్పెల్ అని ఇవాళ పిలుస్తున్న నల్లవారి భక్తి సంగీతానికి రూపం ఇచ్చినవాళ్లలో మొదట చెప్పుకోవాల్సిన పేరు థామస్ డార్సీ. జార్జియా రాష్ట్రంలో పుట్టి షికాగో చేరినవాడు. ‘జార్జియా టామ్’ అనే పేరుతో బ్లూస్ వాయించి, 1928లో ‘ఇట్స్ టైట్ లైక్ దట్’ అనే కొంటె పాటతో బాగా సంపాదించినవాడు కూడా. ఆ లయనే భక్తి పాటల్లోకి తెస్తే పెద్ద చర్చిలు ముఖం తిప్పుకున్నాయి. 1932 ఆగస్టులో ఆయన ఉజ్జీవ కూటాల్లో పాడటానికి సెయింట్ లూయిస్ వెళ్లాడు. షికాగోలో నిండు నెలలతో ఉన్న భార్య నెట్టీ కాన్పులో చనిపోయిందని టెలిగ్రాం వచ్చింది. పరుగున ఇంటికి చేరేసరికి బిడ్డ బతికే ఉన్నాడు, ఆ వెంటనే బిడ్డా పోయాడు. ఆ దుఃఖంలో, ఒక పాత కీర్తన బాణీని ఆధారం చేసుకుని, ఆయన ‘ప్రెషస్ లార్డ్, టేక్ మై హ్యాండ్’ రాశాడు.

ఒక మనిషి సొంత చావుదుఃఖం ఎంతమంది చావుదుఃఖానికి పనికొస్తుందో చూపించాలంటే ఈ పాటను మించిన ఉదాహరణ లేదు. 1968 ఏప్రిల్ 4 సాయంత్రం మెంఫిస్‌లో హోటల్ బాల్కనీ మీద నిలబడి, రాత్రి సభలో ఆ పాట చక్కగా వాయించమని మార్టిన్ లూథర్ కింగ్ సంగీతకారుడు బెన్ బ్రాంచ్‌ని అడిగాడు. మరి కాసేపటికే తుపాకి పేలింది. కింగ్ అంత్యక్రియల్లో గాస్పెల్ గాయని మహేలియా జాక్సన్ అదే పాట పాడింది. 1972 జనవరి 27న మహేలియా చనిపోతే షికాగోలో ఆమె అంత్యక్రియల్లో అదే పాట పాడింది అరేతా. వాట్స్ చర్చిలో రికార్డింగు జరిగి అప్పటికి మూడు వారాలు కూడా నిండలేదు.

డార్సీ పనిచేసిన పిల్‌గ్రిమ్ బాప్టిస్టు చర్చి పిల్లల క్వయర్‌లో జేమ్స్ క్లీవ్‌లాండ్ అనే కుర్రాడు పాడేవాడు. పెద్దయ్యాక అతని గొంతు గరగరలాడేది, కానీ ఒక క్వయర్‌ని నిలబెట్టి పాడించడంలో అతనికి సాటి లేదు. ఈ కథలో అతను మళ్లీ మళ్లీ వస్తాడు.

ఇక డెట్రాయిట్. హేస్టింగ్స్ వీధి ఆ నగరంలో నల్లవారి వ్యాపారాలకు గుండెకాయ. ఆ వీధిలో జో వాన్ బాటిల్ అనే ఆయన 1945లో రికార్డుల కొట్టు తెరిచాడు. కొట్టు వెనక గదిలో చిన్న రికార్డింగు ఏర్పాటు, జాన్ లీ హుకర్ లాంటి బ్లూస్ గాయకులు అక్కడ పాడి వెళ్లేవారు. అదే వీధిలో న్యూ బెతెల్ బాప్టిస్టు చర్చి ఉండేది. 1946లో దానికి పాస్టరుగా వచ్చిన సి.ఎల్. ఫ్రాంక్లిన్ మాటతీరుకి జనం గోడల పక్కన నిలబడి వినేవారు. ప్రసంగం మెల్లగా మొదలై, వేడెక్కి, చివరికి పాటగా మారేది. ఆయన ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడ సంఘం కేక వేసేది.

వాన్ బాటిల్ ఇక్కడే తెలివైన పని చేశాడు. పాస్టరుగారిని తన గదికి రమ్మనకుండా, యంత్రాన్ని చర్చికి పట్టుకెళ్లాడు. 1953 నుంచి ఆదివారపు ప్రసంగాలు ఉన్నవి ఉన్నట్టు, జనం అరుపులతో సహా రికార్డయ్యాయి. గేట్స్ కాలపు మూడు నిమిషాల ఇరుకు లేదు. పెద్ద ప్రసంగాన్ని ముక్కలు చేసి వరస ప్లేట్ల మీద అచ్చు వేశారు, ఎక్కువసేపు నడిచే ఎల్పీలు వచ్చాక అదీ అక్కర్లేకపోయింది. కొట్టు బయట లౌడ్‌స్పీకరు పెట్టి వాటిని వేస్తే పేవ్‌మెంటు మీద జనం గుమిగూడేవారు. గద్ద తన గూటిని రేపడం గురించి ద్వితీయోపదేశకాండంలో ఉన్న మాట మీద ఫ్రాంక్లిన్ చెప్పిన ‘ది ఈగిల్ స్టిరెత్ హర్ నెస్ట్’ ప్రసంగం అలా దేశమంతా తిరిగింది. షికాగోలోని చెస్ కంపెనీ ఈ రికార్డుల్ని పంచింది, రాత్రిపూట రేడియో వాటిని దక్షిణాది పల్లెలకు చేర్చింది.

ఆ పాస్టరుగారి కూతురే అరేతా. తల్లి బార్బరా 1952లో చనిపోయేనాటికి పాపకు పదేళ్లు నిండలేదు. ఇంటికి వచ్చిపోయే వాళ్లలో గాస్పెల్ గాయనులు మహేలియా జాక్సన్, క్లారా వార్డ్ ఉండేవారు. న్యూ బెతెల్‌లో కొంతకాలం సంగీతం నడిపిన జేమ్స్ క్లీవ్‌లాండ్ ఆ పిల్లకు పియానో మెట్లు చూపించాడు. ఒక దగ్గరి బంధువు అంత్యక్రియల్లో క్లారా వార్డ్ పాడుతూ పాడుతూ ఆవేశంలో నెత్తిమీది టోపీ తీసి విసిరేసిందట. తానూ గాయని కావాలని ఆ క్షణంలోనే అనుకున్నానని అరేతా పెద్దయ్యాక చెప్పుకుంది.

1956లో, 14 ఏళ్ల వయసులో, తండ్రి చర్చిలో తానే పియానో వాయించుకుంటూ ఆమె పాడింది. వాన్ బాటిల్ తన జేవీబీ లేబుల్ మీద ఆ పాటల్ని విడుదల చేశాడు. ‘సాంగ్స్ ఆఫ్ ఫెయిత్’ పేరుతో తెలిసిన ఆ రికార్డులో ‘ప్రెషస్ లార్డ్’ ఉంది, పరలోకంలో ముసలితనం లేదని చెప్పే పాత కీర్తన ‘నెవర్ గ్రో ఓల్డ్’ ఉంది. శబ్దం పలచగా, మొరటుగా ఉంటుంది. అయినా తల్లిలేని ఆ పిల్ల గొంతు పైకి లేచినప్పుడు సంఘంలో ఎవరో ఆపుకోలేక కేక వేయడం స్పష్టంగా వినిపిస్తుంది. ఇంత చిన్న వయసులో ఇంత బరువు ఎక్కడిదని అడిగేవాళ్లకు ఆ కేకే జవాబు. ఆ పిల్ల ఒంటరిగా పాడటం లేదు, చుట్టూ ఉన్నవాళ్లంతా ఎత్తిపట్టుకున్నారు.

చర్చిలో రికార్డు చేయడం ఇలా ప్రసంగాలతో, పియానో పాటలతో మొదలైంది. దాన్ని పెద్ద క్వయర్‌తో చేసి, అందరూ అనుసరించే పద్ధతిగా మార్చింది మాత్రం 1963 నాటి ఒక ఆల్బమ్.

న్యూజెర్సీలో నట్లీ అనే ఊరి ఫస్ట్ బాప్టిస్టు చర్చికి ఏంజెలిక్ క్వయర్ ఉండేది. పాస్టరు లారెన్స్ రాబర్ట్స్. పాడేవాళ్లంతా పగలు ఉద్యోగాలు చేసుకునే మామూలు సంఘస్థులు. న్యూవార్క్‌లోని సవోయ్ రికార్డుల కంపెనీ జేమ్స్ క్లీవ్‌లాండ్‌ని వీళ్లతో కలిపింది. మూడో ఆల్బమ్ రికార్డింగుకి న్యూవార్క్‌లోనే మరో సంఘం వారి మందిరంలో ఏర్పాటు చేశారు. తేదీ 1963 సెప్టెంబరు 19, గురువారం. అంతకు నాలుగు రోజుల ముందు, ఆదివారం ఉదయం, అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో పదహారో వీధి బాప్టిస్టు చర్చి మెట్ల కింద జాత్యహంకారులు పెట్టిన బాంబు పేలింది. నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. ముగ్గురికి పద్నాలుగేళ్లు, ఒకరికి పదకొండు.

ఆ గురువారం రాత్రి మందిరంలో కూర్చున్న ప్రతి ఒక్కరి మనసులోనూ ఆ వార్త ఉండి ఉంటుంది. ఆల్బమ్‌కి పేరిచ్చిన పాట ‘పీస్, బీ స్టిల్’. మార్కు సువార్త నాలుగో అధ్యాయంలో పడవ తుపానులో చిక్కుకుంటే యేసు లేచి గాలిని, సముద్రాన్ని గద్దించే ఘట్టం దాని కథ. మేరీ యాన్ బేకర్ అనే ఆమె 1874లో రాసింది, అదీ క్షయతో సోదరుణ్ణి పోగొట్టుకున్న తర్వాత. క్లీవ్‌లాండ్ దాన్ని నెమ్మదిగా, దాదాపు మాట్లాడుతున్నట్టుగా మొదలుపెడతాడు. క్వయర్ కెరటంలా లేచి, ఉన్నట్టుండి గుసగుస స్థాయికి దిగిపోతుంది. ఈ పాట బాంబుదాడికి జవాబుగా రాసింది కాదు, ఎంపిక చేసింది కూడా కాకపోవచ్చు. వినేవాళ్లకు మాత్రం ఆ వారం ఇంకో అర్థం ఉండే వీలే లేదు. ఆ రికార్డు లక్షల్లో అమ్ముడైంది. గాస్పెల్ ఎల్పీ అంటే ఒక మంచి రాత్రిని, ఒక సంఘాన్ని పట్టి బంధించేది అనే నమ్మకం రికార్డు కంపెనీలకు ఇక్కడే కలిగింది.

మరీ చిన్న ఏర్పాటుతో పుట్టిన పెద్ద రికార్డు ఇంకొకటుంది. 1960ల చివర కాలిఫోర్నియాలోని బర్క్లీలో ఎడ్విన్ హాకిన్స్ అనే యువకుడు, యువజనుల క్వయర్‌తో తమ చర్చిలోనే రెండు ట్రాకుల యంత్రం మీద ఒక ఆల్బమ్ చేశాడు. వాషింగ్టన్‌లో జరిగే యువజన సభలకు వెళ్లడానికి ఖర్చులు కావాలి, అదీ ఉద్దేశం. అచ్చు వేయించింది దాదాపు ఐదు వందల కాపీలు. అందులోని ‘ఓ హ్యాపీ డే’ శాన్ ఫ్రాన్సిస్కో రేడియోకి చేరి, 1969లో అమెరికా పాప్ పాటల పట్టికలో నాలుగో స్థానానికి ఎగబాకింది. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండు పాస్టరు ఫిలిప్ డాడ్రిడ్జ్ రాసిన కీర్తన అది. బార్లలో, డాన్సుల దగ్గర తమ పాట మోగుతుంటే సొంత శాఖ పెద్దలు కొందరు మండిపడ్డారు. హాకిన్స్ వెనక్కి తగ్గలేదు, సరైన పనే చేశాడు.

ఇదంతా వెనక ఉంది కాబట్టే 1972 నాటి ఆ రెండు రాత్రులు అలా జరిగాయి. వేదిక మీద పెద్దరికం జేమ్స్ క్లీవ్‌లాండ్‌ది, క్వయర్ తీర్చిదిద్దింది అలెగ్జాండర్ హామిల్టన్. కచేరీల్లో అరేతాకు వాయించే బృందమే ఇక్కడా వాయించింది: గిటారు కార్నెల్ డుప్రీ, బేస్ చక్ రేనీ, డ్రమ్స్ బెర్నార్డ్ పర్డీ. బయట ప్రపంచపు వాద్యగాళ్లు చర్చిలో ఇమిడిపోతారా అన్న సందేహం మొదటి పాటతోనే తీరిపోయింది. ఇది చర్చి అనీ, జరుగుతున్నది ఆరాధన అనీ క్లీవ్‌లాండ్ మొదట్లోనే జనానికి గుర్తుచేశాడు.

ఆమె ఎంచుకున్న పాటల్లో సొంత జీవితం వరసగా కనిపిస్తుంది. ‘హౌ ఐ గాట్ ఓవర్’ క్లారా వార్డ్ పాట. 1951లో వార్డ్ కుటుంబపు గాయక బృందం కాడిలాక్ కారులో జార్జియా గుండా వెళ్తుంటే తెల్లవాళ్లు కొందరు అడ్డగించి బెదిరించారనీ, తల్లి గెర్ట్రూడ్ పూనకం వచ్చినట్టు నటించి వాళ్లను తరిమిందనీ, ఆ గండం గడిచిన అనుభవమే ఈ పాటైందనీ ఆ కుటుంబం చెప్పుకునేది. రెండో రాత్రి క్లారా, గెర్ట్రూడ్ ముందు వరసలో కూర్చున్నారు. సరిగ్గా ఏడాదికి, 1973 జనవరిలో, క్లారా చనిపోయింది. ‘ప్రెషస్ లార్డ్’ని అరేతా విడిగా పాడలేదు. కేరల్ కింగ్ రాసిన ‘యూ హావ్ గాట్ ఎ ఫ్రెండ్’ అప్పుడు కొత్త పాట. ఈ రెండింటినీ అల్లి, ఆ స్నేహితుడు ఎవరో అందరికీ తెలిసేలా పాడింది. సినిమా పాట బాణీలో భక్తి పాట వింటే ముఖం చిట్లించే పెద్దలు ప్రతి దేశంలోనూ ఉంటారు, ఆ రాత్రి ఆ హాల్లో మాత్రం ఎవరూ చిట్లించలేదు.

ఇక ‘అమేజింగ్ గ్రేస్’. బానిసల ఓడకు కెప్టెనుగా పనిచేసి, తర్వాత పాస్టరుగా మారిన జాన్ న్యూటన్ ఇంగ్లండులోని ఓల్నీ అనే ఊళ్లో 1773 కొత్త సంవత్సరం రోజు ఆరాధన కోసం రాసిన కీర్తన. ఇవాళ అందరికీ తెలిసిన బాణీ దానికి జతపడింది 1835లో, అమెరికాలో. ఆ ఓడల్లో వచ్చినవాళ్ల మునిమనవలు ఆ పాటను తమ సొంతం చేసుకున్నారు. అరేతా దాన్ని పాత డాక్టర్ వాట్స్ పద్ధతిలో ఎత్తుకుంది. రికార్డు మీద దాదాపు 11 నిమిషాలు. లయ లేదు, తొందర లేదు. మన కర్ణాటక విద్వాంసులు ఒక పాదాన్ని పట్టుకుని నెరవల్ చేసినట్టు, ఒక్కో మాట దగ్గర ఆగి, దాన్ని పైకీ కిందకీ తిప్పి, సంఘం అరుపు వచ్చేదాకా వదలదు. పియానో ముందున్న క్లీవ్‌లాండ్ తట్టుకోలేకపోయాడు. లేచి పక్కకు వెళ్లి కూర్చుని, ముఖానికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఏడ్చేశాడు. క్వయర్‌లో వాళ్లు కుర్చీల్లోంచి లేచిపోయారు. చిన్నప్పుడు తానే పియానో మెట్లు చూపించిన పిల్ల ఆమె. ఆ కన్నీళ్లను వివరించడానికి ఇంకేమీ అక్కర్లేదు.

రెండో రాత్రికి కబురు పాకి హాలు కిక్కిరిసింది. రోలింగ్ స్టోన్స్ బృందం నుంచి మిక్ జాగర్, చార్లీ వాట్స్ వెనక వరసల్లో నిలబడ్డారు. సి.ఎల్. ఫ్రాంక్లిన్ లేచి నాలుగు మాటలు చెప్పాడు. తన కూతురు చర్చిని వదిలిపెట్టిపోయిందని అనేవాళ్లకు ఆయన ఇచ్చిన జవాబు ఒకటే, ఆమె ఎప్పుడూ వదల్లేదు. చివర్లో అరేతా పియానో ముందు కూర్చుని ‘నెవర్ గ్రో ఓల్డ్’ ఎత్తుకుంది. పద్నాలుగేళ్ల వయసులో తండ్రి చర్చిలో పాడిన అదే పాట. చెమట ధారలు కడుతోంది. పాట మధ్యలో తండ్రి లేచొచ్చి, ఒక గుడ్డ తీసుకుని ఆమె ముఖం తుడిచాడు. ఆమె పాట ఆపలేదు.

ఈ దృశ్యాన్ని ప్రపంచం 46 ఏళ్ల దాకా చూడలేకపోయింది. వార్నర్ బ్రదర్స్ కోసం సిడ్నీ పొలాక్ దాదాపు 20 గంటల ఫిల్ము తీశాడు. కథాచిత్రాల దర్శకుడే, కానీ ఈ చిత్రీకరణలో క్లాప్ బోర్డు కొట్టించలేదు. దాంతో ఏ బొమ్మకు ఏ శబ్దమో జత కుదరక, ఫిల్ము డబ్బాలు గోదాములో పడి ఉన్నాయి. పొలాక్ 2008లో చనిపోయాడు. అంతకు కొంచెం ముందు హక్కులు తీసుకున్న అలన్ ఎలియట్ కంప్యూటర్ల సాయంతో బొమ్మనూ శబ్దాన్నీ కలిపాడు. విడుదలను అడ్డుకుంటూ అరేతా కోర్టుకెళ్లింది. 2018 ఆగస్టు 16న ఆమె చనిపోయాక కుటుంబం ఒప్పుకుంది, ఆ నవంబరులో న్యూయార్క్‌లో మొదటిసారి చూపించారు. అందాకా మనుషుల దగ్గర ఉన్నది రికార్డు ఒక్కటే. కళ్లు మూసుకుని విని, ఎవరికి వాళ్లు ఆ చర్చిని ఊహించుకున్నారు.

అరేతా ఈ ఆనవాయితీకి మరోసారి తిరిగొచ్చింది. 1979లో ఇంట్లో దొంగలు పడి తండ్రిని కాల్చారు. ఆయన ఐదేళ్లు కోమాలో ఉండి 1984లో పోయాడు. 1987 వేసవిలో ఆమె డెట్రాయిట్‌లో న్యూ బెతెల్ చర్చిలోనే ‘వన్ లార్డ్, వన్ ఫెయిత్, వన్ బాప్టిజం’ రికార్డు చేసింది. సంగీతం వరకే చూస్తే 1972 ఆల్బమ్‌తో పోలిక లేదు, ప్రసంగాలే ఎక్కువ చోటు తీసుకున్నాయి. తండ్రి లేని ప్రసంగ వేదిక ముందు కూతురు పాడిన పాటలుగా వింటే అది వేరే సంగతి.

రికార్డులకీ ఆయుష్షు ఉంటుంది. హేస్టింగ్స్ వీధిలో చాలా భాగాన్ని హైవే కోసం పడగొట్టేశారు. జో వాన్ బాటిల్ కొట్టును పన్నెండో వీధికి మార్చుకున్నాడు. 1967 జూలైలో అల్లర్లతో డెట్రాయిట్ భగ్గుమన్నప్పుడు అది మంటల్లో చిక్కుకుంది. కాలగా మిగిలిన టేపులు అగ్నిమాపక గొట్టాల నీళ్లకు తడిసి పాడయ్యాయి. ఆ అల్మారాల్లో ఏ గొంతులు ఉన్నాయో, ఏ సంఘాలు ఉన్నాయో ఇక ఎవరూ వినలేరు. టెక్సాస్‌లోని బేలర్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన రాబర్ట్ డార్డెన్ 2005లో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో రాసిన వ్యాసం ఈ నష్టం గురించే. గాస్పెల్ స్వర్ణయుగపు రికార్డుల్లో అత్యధిక భాగం దొరక్కుండా పోతోందని ఆయన మొర. దాని ఫలితంగా ఆ విశ్వవిద్యాలయంలో ఒక పథకం మొదలైంది. ఎవరైనా పాత ప్లేటు పంపితే శుభ్రం చేసి, రెండు వైపులా డిజిటల్‌లోకి ఎక్కించి, కవర్ల ఫొటోలు తీసి, వివరాలు రాసి భద్రపరుస్తారు.

మన దగ్గరా ఈ పని మిగిలే ఉంది. 1980, 90ల్లో కన్వెన్షన్లలో, క్రిస్మస్ ఆరాధనల్లో, యూత్ మీటింగుల్లో టేప్‌రికార్డరు పెట్టి పట్టిన క్యాసెట్లు ఎన్నో తెలుగు ఇళ్ల అటకల మీద, ట్రంకు పెట్టెల్లో పడి ఉన్నాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరిగారి పాటలకు రాగం, తాళం పేర్లు అచ్చులో ఉన్నాయి. కానీ ఒక ఊరి సంఘం వాటిని ఎలా సాగదీసి పాడేదో, ఎక్కడ తాళాలు మోగేవో, ఏ చరణం దగ్గర ముసలమ్మలు ‘స్తోత్రం’ అనేవారో పుస్తకంలో లేదు. అది ఆ క్యాసెట్లలోనే ఉంది. మీ ఇంట్లో అలాంటివి ఉంటే ఈ నెలలోనే కిందికి దించండి. రీలు మీద తెల్లగా ఫంగస్ కనిపిస్తే ఇంట్లో ప్లేయర్లో పెట్టి తిప్పకండి, తెలిసినవాళ్లకు ఇచ్చి కంప్యూటర్లోకి ఎక్కించండి. పాడినవాళ్లలో బతికున్నవాళ్లను కూర్చోబెట్టి వినిపించి, ఏ గొంతు ఎవరిదో, ఏ ఊరో, ఏ సంవత్సరమో అడిగి రాసి పెట్టండి.